కౌన్సిల్ టాక్స్ బకాయికి బెయిలిఫ్ వచ్చాడా? ఎవరికి రాయాలి, ఏ దరఖాస్తు పెట్టాలి

పొద్దున ఏడున్నర. ఉప్మాకి పోపు వేసి, పొగకి అలారం మోగుతుందేమోనని కిటికీ తీస్తుంటే డోర్ బెల్ మోగింది. బయట నల్ల జాకెట్ మనిషి, ఛాతీ మీద చిన్న కెమెరా, చేతిలో ట్యాబ్. బెయిలిఫ్, అంటే బకాయి వసూలుకి కౌన్సిల్ పంపే ఏజెంటు. అతను పిలిచిన పేరు మాది కాదు, మాకంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లది. అయినా నాకు కాళ్లు వణికాయి. తలుపు తీయకుండా కిటికీలోంచే మాట్లాడి, టెనెన్సీ అగ్రిమెంటులో మేం దిగిన తేదీ ఉన్న పేజీని అద్దానికి ఆనించి చూపిస్తే ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూర్చుని ఈ కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి స్థానిక సంస్థ, అంటే కౌన్సిల్, వసూలు చేసే ఇంటి పన్ను) వ్యవహారం మొత్తం చదివాను. అప్పటినుంచి తెలిసిన కుర్రాళ్లు ఇలాంటి ఉత్తరం వస్తే నాకే ఫోన్ చేస్తున్నారు, అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "అన్నా, తలుపు తీయాలా వద్దా?" తీయొద్దు. కానీ తీయకపోవడంతో పని అయిపోదు. తలుపు మూసి ఉంచితే మీకు దొరికేది నాలుగు రోజుల టైమే, ఆ టైములో కౌన్సిల్‌కి సరైన దరఖాస్తు పెట్టాలి. నేను చెప్పేది ఇంగ్లండ్ సంగతి, వేల్స్‌లో కూడా దాదాపు ఇదే. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ వచ్చేది షెరిఫ్ ఆఫీసర్లు.

మనవాళ్లు ఇందులో ఎక్కువ ఇరుక్కోవడానికి కారణం ఉంది. మన దగ్గర ఇంటి పన్ను ఓనర్ గొడవ, అద్దెకున్నవాడికి సంబంధం లేదు. ఇక్కడ ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుంటే పన్ను కట్టాల్సింది ఉంటున్నవాళ్లే. పైగా చదువుకునేటప్పుడు మినహాయింపు ఉంటుంది కాబట్టి ఆ ఏడాది బిల్లు మాటే వినం. కోర్సు ముగింపు తేదీ దాటగానే మినహాయింపు పోతుంది, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నా సరే. ఈలోపు ఇల్లు మారి ఉంటాం, ఉత్తరాలు పాత అడ్రసుకి పోతుంటాయి.

ఉత్తరాల వరస ఇది. ఒక వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, 7 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే వాయిదాల హక్కు పోయి, ఆ ఏడాదికి మిగిలిన మొత్తం ఒకేసారి కట్టాల్సి వస్తుంది. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సమన్లు, తర్వాత లయబిలిటీ ఆర్డర్ (ఈ బాకీ మీరు కట్టాల్సిందేనని కోర్టు ఇచ్చే ఆదేశం), ఆ ఖర్చు కూడా మన ఖాతాలోనే. ఈ ఆర్డర్ చేతికొచ్చాకే కౌన్సిల్ జీతంలోంచి కోయించుకోగలదు, లేదా బెయిలిఫ్‌ని పంపగలదు. కాగితాల మీద వాళ్ల పేరు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్. ఒక ఊరట ఏమిటంటే లయబిలిటీ ఆర్డర్ క్రెడిట్ రిపోర్టులో కనబడదు.

బెయిలిఫ్ చెప్పకుండా ఊడిపడడు. ముందు నోటీస్ ఆఫ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ రావాలి, ఆదివారాలూ బ్యాంకు సెలవులూ తీసేసి 7 పూర్తి రోజులు గడవాలి. మీ అసలు పని జరగాల్సింది ఈ వారంలోనే, ఎందుకంటే ఫీజుల మీటర్ తిరుగుతూ ఉంటుంది. 2014 ఫీజు నిబంధనల్లో పెట్టిన లెక్క ప్రకారం కేసు ఏజెంట్ల చేతికి వెళ్లగానే 75 పౌండ్లు, మనిషి గుమ్మం దాకా వస్తే ఇంకో 235, బకాయి 1,500 దాటితే దాటిన దాని మీద ఏడున్నర శాతం అదనం. మీ నోటీసులో అంకె వేరుగా ఉంటే ఏ రేటు ప్రకారం వేశారో రాతపూర్వకంగా అడగండి. రెండు వందల బాకీ ఐదు వందలు దాటేది ఇలాగే, గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే అక్షరాలా ఇదే.

మనిషి వచ్చేశాడనుకోండి. ఉదయం 6 నుంచి రాత్రి 9 లోపే రావాలి. కౌన్సిల్ టాక్స్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు తాళం పగలగొట్టే హక్కు అతనికి లేదు, కిటికీలోంచి దూరకూడదు, మిమ్మల్ని తోసుకుని రాకూడదు. ఇంట్లో 16 ఏళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే అడుగు పెట్టకూడదు. అయితే గడియ వేయని తలుపు తోసుకుని మామూలుగా నడిచి వస్తే అది చట్టబద్ధమే, కాబట్టి వెనక తలుపు కూడా చూసుకోండి. ఐడీ, కోర్టు సర్టిఫికెట్ లెటర్ బాక్సులోంచి లోపలికి చూపించమనండి. సర్టిఫికెట్ ఉన్న ఏజెంట్ల రిజిస్టర్ న్యాయశాఖ ఆన్‌లైన్‌లో పెట్టింది, పేరు కొట్టి చూడొచ్చు. దొంగ బెయిలిఫ్‌లు కూడా తిరుగుతుంటారు కాబట్టి ఇది చేయండి. అరెస్టు చేస్తానంటే నమ్మకండి, బకాయికి అరెస్టు చేసే అధికారం అతనికి లేదు.

లోపలికి రానిస్తే ఏమవుతుంది? టీవీ, సోఫా లిస్టు రాసుకుని కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ (సామాను ఇంట్లోనే ఉంచుకుని బాకీ వాయిదాల్లో కడతానన్న ఒప్పందం) మీద సంతకం అడుగుతాడు. ఆ సంతకం పెట్టి వాయిదా తప్పారా, తర్వాతిసారి నోటీసు ఇచ్చి బలవంతంగా కూడా రావచ్చు. అందుకే తలుపు తీయొద్దని అన్నది. ఇంకోటి, కారు. ఇంట్లోకి రాకుండానే బయట ఉన్న కారుకి క్లాంప్ (కదలకుండా చక్రానికి వేసే తాళం) వేయగలడు, మనవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. ఫైనాన్స్ మీద ఉన్న కారైతే అది ఇంకా మీది కాదు, ఆ కాగితం చూపిస్తే వదలాలి. స్టవ్, ఫ్రిజ్, పరుపులు, బట్టలు ముట్టుకోకూడదు. పనికి కావాల్సిన సామాను 1,350 పౌండ్ల విలువ దాకా వదిలేయాలి. రూమ్మేట్ లాప్‌టాప్ రూమ్మేట్‌దే, రసీదు ఉంటే చాలు.

ఇక దరఖాస్తులు. ముందు ఆ పన్ను నిజంగా మీరు కట్టాల్సిందేనా అన్నది తేల్చుకోండి.

పాత అద్దెదారుడి బకాయి అయితే టెనెన్సీ అగ్రిమెంటు, మీ పేరుతో ఉన్న ఒక బిల్లు జత చేసి కౌన్సిల్‌కీ ఏజెంటు కంపెనీకీ ఒకే మెయిల్ పెట్టండి. గదుల లెక్కన విడివిడిగా అద్దెకిచ్చిన ఇల్లు అయితే పన్ను సాధారణంగా ఓనర్‌దే. "బిల్స్ ఇన్‌క్లూడెడ్" అని వాట్సాప్‌లో చెప్పి, ఇల్లు మొత్తానికి నలుగురి చేత ఉమ్మడి అగ్రిమెంటు మీద సంతకం పెట్టించేవాళ్లు ఉంటారు. అప్పుడు కౌన్సిల్ మిమ్మల్నే అడుగుతుంది, వాట్సాప్ మాట మీకూ ఓనర్‌కీ మధ్యనే.

మీరు ఆ రోజుల్లో ఫుల్‌టైం విద్యార్థి అయితే మినహాయింపుకి ఇప్పుడు కూడా, వెనక తేదీతో అడగొచ్చు. కౌన్సిల్ సైట్లో స్టూడెంట్ ఎగ్జెంప్షన్ ఫారం ఉంటుంది, యూనివర్సిటీ ఇచ్చే కౌన్సిల్ టాక్స్ సర్టిఫికెట్ జతచేయాలి. అందులో కోర్సు మొదలు, ముగింపు తేదీలు ఉన్నాయో లేదో చూసుకోండి, ఆఫర్ లెటర్ పెడితే తిప్పి కొడతారు. కోర్సు కనీసం ఒక ఏడాదిది అయ్యుండాలి, ఏడాదిలో కనీసం 24 వారాలు, వారానికి సగటున 21 గంటల చదువు ఉండాలి. ఇంట్లో అందరూ విద్యార్థులైతే బిల్లు సున్నా. ఒక్కరే ఉద్యోగి అయితే బిల్లు ఆ ఒక్కరిదే, పైగా పాతిక శాతం తగ్గింపు అడగొచ్చు.

భార్య లేదా భర్త విషయంలో చాలామందికి తెలియని రూలు ఒకటుంది. విద్యార్థి భాగస్వామి బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా షరతుల వల్ల ఉద్యోగం చేయడానికో బెనిఫిట్లు తీసుకోవడానికో వీల్లేకపోతే వాళ్లని కూడా లెక్కలోంచి తీసేయాలి. "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదన్న షరతు) అని వీసాలో ఉంటే ఆ రెండోది సరిపోతుంది, ఉద్యోగం చేస్తున్నా సరే. ఫోన్ ఎత్తినవాళ్లకి ఒక్కోసారి ఇది తెలియదు, అందుకే మెయిల్‌లో రాయండి, ఈవీసా (ఆన్‌లైన్ వీసా) పేజీ జతచేయండి. 2024 జనవరి నుంచి మొదలైన మామూలు ఎమ్మెస్సీలకి డిపెండెంట్లు రావడం లేదు గానీ, పాత బకాయిలకీ పీహెచ్‌డీ వాళ్లకీ ఇది పనికొస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. ఆదాయం తక్కువని కౌన్సిల్ టాక్స్ రిడక్షన్‌కి అప్లై చేయమని ఎవరో ఒకరు చెప్తారు. అది పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉంది, వీసాలో ఆ షరతు ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. విద్యార్థి మినహాయింపు, ఒంటరిగా ఉన్నందుకు ఇచ్చే పాతిక శాతం తగ్గింపు అందులోకి రావు, అవి ధైర్యంగా అడగండి.

మెయిల్ ఎలా రాయాలంటే, పైన అకౌంట్ రిఫరెన్స్ నంబరు, తర్వాత ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఇంట్లో ఉన్నారో, ఎందుకు కట్టక్కర్లేదో రెండు వాక్యాల్లో. చివర్లో తప్పనిసరిగా ఇది: "విచారణ అయ్యేదాకా ఖాతా హోల్డ్‌లో పెట్టి, ఏజెంట్లకి ఆ మాట తెలియజేయండి." అభ్యంతరం పెట్టినంత మాత్రాన బెయిలిఫ్ చర్య దానంతట అది ఆగదు, అడిగితేనే ఆపుతారు. కౌన్సిల్ కాదన్నా, 2 నెలల్లో జవాబివ్వకపోయినా వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి (కౌన్సిల్ టాక్స్ వివాదాలు వినే స్వతంత్ర సంస్థ) వెళ్లొచ్చు, ఫీజు లేదు.

బకాయి నిజమే, చేతిలో డబ్బు లేదు అనుకోండి. అప్పుడు బ్రీతింగ్ స్పేస్. 2021 మే 4 నుంచి ఉన్న ఈ స్కీం కింద 60 రోజులు బెయిలిఫ్ రాకూడదు, ఫోన్ చేయకూడదు, కొత్త ఫీజు వేయకూడదు. దీనికి మీరు నేరుగా అప్లై చేయలేరు, రుణ సలహాదారు ద్వారానే పెట్టాలి. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ (0808 808 4000), ఏదైనా ఉచితమే. డబ్బు అడిగేవాళ్ల దగ్గరకి వెళ్లకండి. ఫోన్ చేసే ముందు జీతం స్లిప్పులు, అద్దె, గ్యాస్, బస్ పాస్, ఇంటికి పంపే డబ్బు, క్రెడిట్ కార్డు బాకీలు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, ఏదీ దాచకండి. గత 12 నెలల్లో ఒకసారి తీసుకుని ఉంటే మళ్లీ ఇవ్వరు. ఆ 60 రోజుల్లో అద్దె, కరెంటు బిల్లు మామూలుగా కడుతూనే ఉండాలి, మధ్యలో సలహాదారు ఒకసారి సమీక్ష చేస్తారు.

కొద్దికొద్దిగా కట్టగలిగితే నెలకి ఎంత కట్టగలరో ఆ లెక్క కాగితంతో సహా ఏజెంటు కంపెనీకి రాయండి, నోటీసు వచ్చిన వారంలోపే. గుమ్మంలో నిలబడి అతను చెప్పిన అంకెకి తలూపొద్దు, తప్పిపోయే వాయిదా ఒప్పుకుంటే మళ్లీ మొదటికే. ఇంట్లో గర్భిణి, పెద్ద జబ్బు, చంటిపిల్లతో ఒంటరి తల్లి ఉంటే ఆ మాట కౌన్సిల్‌కి ఆధారాలతో రాయండి, కేసు వెనక్కి తీసుకోమని అడగండి.

జవాబు వచ్చాక, హోల్డ్ అని రాసి ఉన్న మెయిల్ ప్రింటు తీసి తలుపు దగ్గర ఉంచుకోండి, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు, పొద్దున్నే ఆ కంగారులో మెయిల్ వెతకలేం. మా అగ్రిమెంటు పేజీ ఇంకా చెప్పుల స్టాండు డ్రాయర్లోనే ఉంది, ఒక మూల నూనె మరకతో సహా.