త్రైమాసిక ఫలితాలు చదవడం – 4వ పాఠం: మూడో కాలమ్ మీద వేలు పెట్టండి

క్రితం పాఠంలో ఒక విత్తన కంపెనీ లెక్క ఇచ్చి, ఇన్వెస్టర్లకు పంపే నోటు మూడు వాక్యాల్లో రాయమన్నాం. ఎక్కువమంది "అమ్మకాలు 300 శాతం పెరిగాయి" అని రాశారు. కొందరు 400 అన్నారు. అందుకే క్యాష్ ఫ్లో పాఠం వచ్చే వారానికి జరిగింది. ముందు ఇది తేలాలి.

ఆ లెక్క మళ్లీ చూడండి. జూన్ త్రైమాసికంలో అమ్మకం 240 కోట్లు, అంతకు ముందరి మార్చి త్రైమాసికంలో 60, నిరుడు జూన్‌లో 250. 60 నుంచి 240 అంటే నాలుగింతలు, కాబట్టి పెరిగింది 300 శాతమే. 400 అన్నవాళ్ల సంగతి అంతటితో సరి. 300 అన్నవాళ్లకు లెక్క కుదిరింది, పోలిక కుదరలేదు. వరంగల్ చుట్టుపక్కల ఉండేవాళ్లు చేయకూడని పొరపాటిది. పత్తి గింజల ప్యాకెట్లు అమ్ముడయ్యేది మృగశిర కార్తె ముందూ వెనకా, సంక్రాంతికి కాదు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు కొత్త పత్తి దసరా ప్రాంతంలో మొదలవుతుంది. నవంబరు రాకను ఆగస్టుతో పోల్చి "మార్కెట్ పుంజుకుంది" అంటే అక్కడి హమాలీలే నవ్వుతారు.

ఫలితాల పట్టికలో మొదటి కాలమ్ ఈ త్రైమాసికం, రెండోది దాని ముందుది, మూడోది నిరుటి ఇదే త్రైమాసికం. సీజన్ వ్యాపారాన్ని మూడోదానితోనే కొలవాలి. 250 నుంచి 240కి వచ్చిందంటే 4 శాతం తగ్గింది. పట్టికను కాగితం మీద ప్రింట్ తీసి, రెండో కాలమ్‌ను స్కేలుతో మూసి చదవడం మంచి అలవాటు. స్క్రీన్ మీద చూపు ఎప్పుడూ పక్క అంకె మీదికే జారుతుంది.

మార్చి త్రైమాసికం అంకెలు విడిగా ఆడిట్ అయినవి కావు. ఏడాది మొత్తంలోంచి తొమ్మిది నెలలవి తీసేస్తే మిగిలినవి. ఆడిటర్ ఏడాది చివర చేయించిన సర్దుబాట్లన్నీ ఆ మూడు నెలల మీదే పడతాయి. పట్టిక కింది నోట్స్‌లో ఈ మాట ఉంటుంది. అంకెల కన్నా ముందు నోట్స్ చదవండి.

ఇక ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందరి లాభం. పట్టికలో ఆ పేరుతో లైను వెతకొద్దు, మీరే కట్టుకోవాలి. అసాధారణ అంశాలకు, పన్నుకు ముందరి లాభం 38, వడ్డీ 4, తరుగుదల 6, మొత్తం 48. ఇందులో ఇతర ఆదాయం 6 తీసేస్తే 42. ఆ 6 ఎఫ్‌డీ వడ్డీ, విత్తనాల మీద వచ్చింది కాదు. ఇదే పద్ధతిలో నిరుటిది 50. నిరుడు ఇతర ఆదాయం తీసేసి ఈసారి ఉంచేశారనుకోండి, 240 మీద 48 అంటే 20 శాతం. నిరుడు 250 మీద 50 కూడా 20 శాతమే. మార్జిన్ (అమ్మకంలో ఎబిటా ఎంత శాతమో అది) తగ్గిన సంగతే కనబడదు. మీ ఉత్తరాల్లో అయిదారుగురు ఇలాగే చేశారు.

సరిగ్గా కడితే మార్జిన్ 20 నుంచి 17.5కి దిగింది. దీన్ని "2.5 శాతం తగ్గింది" అని రాస్తే తప్పు. తగ్గింది 2.5 శాతం పాయింట్లు, అంటే 250 బేసిస్ పాయింట్లు (ఒక శాతం పాయింటులో వందో వంతు ఒక బేసిస్ పాయింటు). శాతంలో చెప్పాలంటే 20లో 2.5 కాబట్టి 12.5 శాతం. రూపాయల్లో ఎబిటా 50 నుంచి 42కి పడింది కాబట్టి అది 16 శాతం. మూడూ నిజమే, మూడూ వేరు. ఫోన్‌లో అనలిస్టు "ఎంత తగ్గింది?" అంటే, "మార్జినా, ఎబిటానా?" అని అడిగాకే జవాబివ్వండి. బ్యాంకు వడ్డీ 8 నుంచి 9 శాతానికి పెరిగితే "ఒక శాతం పెరిగింది" అని బజారులో అనుకోవడం వేరు, స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే కాగితంలో రాయడం వేరు. నోటులో "పాయింట్లు" అన్న మాట ఎగిరిపోతే మొత్తం నోటే తప్పు.

అభ్యాసం: మీరు పనిచేసే కంపెనీ కాకుండా వేరే లిస్టెడ్ కంపెనీ ఏదైనా తీసుకోండి. ఎక్స్ఛేంజీ సైట్‌లోంచి వరుసగా 8 త్రైమాసికాల ఫలితాలు దించుకుని, ప్రతిదానికీ ఎబిటా చేత్తో కట్టండి. ఈ ఏడాది పట్టికలోని "నిరుటి" అంకె, నిరుడు అచ్చయిన అంకెతో సరిపోతుందా చూడండి. సరిపోకపోతే ఎందుకు మారిందో నోట్స్‌లో వెతికి ఒక్క వాక్యంలో రాయండి.