మరపడవ ఇంజను పాఠాలు – 4: గొట్టం అడుగున పెరిగింది నీళ్లు కావు

కొత్త పాఠంలోకి వెళ్లేముందు పోయినసారి గొడవ తేల్చాలి. గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, దాని మీద 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచమన్నాను కదా. చాలామంది చేశారు, చాలా సంతోషం. కానీ అడుగు పొర 10 నుంచి 28 దగ్గరికి పెరగడం చూసి పెట్రోల్లో నీళ్లు కలిపారనుకున్నారు. సీతానగరం వైపు నుంచి ఒకాయన ఆ గొట్టం పట్టుకుని బంకుకే వెళ్లి గొడవపడి వచ్చారు. ఆ గీత ఏం చెబుతుందో నేను సరిగ్గా రాయలేదు, ఆ పొరపాటు నాదే.

పెరిగింది ఇథనాల్, అంటే పెట్రోల్లో కలిపి అమ్మే ఆల్కహాలు. అది పెట్రోలుతో కలిసే ఉంటుంది గానీ నీళ్లు ఎక్కువగా తగిలితే పెట్రోలును వదిలేసి వాటితో కలిసి కిందికి దిగిపోతుంది. 90లో 18 అంటే ఇరవై శాతం. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో బంకుల్లోకి వస్తున్న ఈ20 పెట్రోలు అంటే ఇదే. బంకువాళ్లు మోసం చెయ్యలేదు. నీళ్లు ఉన్నాయా అని చూడాలంటే అసలు నీళ్లు పొయ్యకూడదు. ట్యాంకు అడుగునుంచి కొంచెం పెట్రోలు తీసి గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. మసకగా ఉన్నా, రెండు పొరలుగా విడిపోయినా నీళ్లు చేరినట్టే.

పైపులు, క్లిప్పులు, ఫిల్టరు మార్చడం మీకు వచ్చు, దాని గురించి రాయను. పాత రబ్బరు పైపు ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి ఆటోనగర్‌లో కొనేటప్పుడు ఇథనాల్‌కి ఆగే పైపు అని అడిగి తీసుకోండి. ఫిల్టరు విషయంలో నా మాట ఒక్కటే: 10 మైక్రాన్లది (అంత సన్నటి మురికిని కూడా ఆపేది), నీళ్లను విడదీసేది, అడుగున లోపలిది కనపడే గిన్నె ఉన్నది. వేరేది నేను పెట్టను.

ఇప్పుడు అసలు సంగతి. "అన్నా, ట్యాంకులో పొరలు విడిపోయాయి, అయిదు లీటర్లు కొత్త పెట్రోలు పోసి బాగా కుదిపితే కలిసిపోతుందా?" అని వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. కలవదు. లెక్క చూడండి. ఇథనాల్ పది శాతం ఉన్న పెట్రోలు మామూలు వేడిలో దాదాపు అర శాతం నీళ్లను పట్టుకోగలదు, అంటే 20 లీటర్ల ట్యాంకుకి 100 మి.లీ., ఒక టీ గ్లాసు. ఈ20 ఇంకొంచెం ఎక్కువే పట్టుకుంటుంది, అందుకే ఏం కాదులే అనిపిస్తుంది. కానీ హద్దు దాటిందంటే ఆ 20 లీటర్లలో ఉన్న 4 లీటర్ల ఇథనాల్‌లో ఎక్కువ భాగం నీళ్లతో పాటు అడుగుకి చేరుతుంది, పెట్రోలు పీల్చే గొట్టం మూతి ఉండేదీ అడుగునే. ఇంజను మొదట తాగేది ఆ పొరనే. పెట్రోల్లోనే ఆయిలు కలిపి నడిపే టు స్ట్రోక్ ఇంజనుకి ఇది ప్రాణాంతకం, ఎందుకంటే మీరు కలిపిన ఆయిలు పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది, కింది పొరలో దాదాపు ఉండదు. పిస్టను ఆయిలు లేకుండా తిరుగుతుంది. పోనీ పై పొర వాడదామా అంటే ఇథనాల్ పోయాక దాని ఆక్టేను (ఇంజనులో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) పడిపోయి ఇంజను టకటకా కొడుతుంది. పెట్రోల్లో కలపమని అమ్మే మందులు పోసినా విడిపోయింది మళ్లీ కలవదు. మొత్తం తీసెయ్యాలి, అంతే. తీసింది కృష్ణలో మాత్రం పొయ్యకండి, దయచేసి.

మా బావమరిది పడవ 2024 సెప్టెంబరు వరదల తర్వాత వారాల తరబడి ఒడ్డునే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి, పడవ సంగతి ఎవరు చూస్తారు. ట్యాంకు సగమే ఉంది, మూత మీద గాలి స్క్రూ తెరిచే ఉంది, వానంతా దానిమీదే కురిసింది. నీళ్లు తగ్గాక కొత్త పెట్రోలు కలిపి బయల్దేరాడు. భవానీ ద్వీపం దాటకముందే పిస్టను పట్టేసింది. పడవను వాడనప్పుడు గాలి స్క్రూ మూసెయ్యండి, నెల పైన ఆపేట్టయితే ట్యాంకు, కార్బురేటరు గిన్నె రెండూ ఖాళీ చెయ్యండి. గిన్నె స్క్రూ కిందనే ఉంటుంది, రెండు నిమిషాల పని. నేనైతే వారం ఆపినా ఖాళీ చేస్తాను.

డీజిల్ బోట్లవాళ్లకి ఇథనాల్ బాధ లేదు, నీళ్ల బాధ ఉంది. దానికి వేరే పాఠం కావాలి.

సాధన, ఈసారి ఓపిక కావాలి. ఆరుబయట, బీడీ సిగరెట్టు దగ్గర లేకుండా చెయ్యండి. మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో 100 మి.లీ. పెట్రోలు తీసుకుని, సిరంజితో అర మి.లీ. చొప్పున నీళ్లు వేస్తూ, వేసిన ప్రతిసారీ ఊపి చూడండి. ఎక్కడ మసకబారి విడిపోయిందో రాసుకోండి. తర్వాత కొత్త పెట్రోలుతో మళ్లీ మొదలుపెట్టి, ఈసారి సీసాను ఐసు నీళ్ల బకెట్లో ఉంచి చెయ్యండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, అగ్గి అంటుకుంటుంది. చల్లబడితే తక్కువ నీళ్లకే విడిపోతుంది. ఆ రెండు అంకెలతో మీ ట్యాంకుకి ఎన్ని మి.లీ. హద్దో లెక్కకట్టి పంపండి. మూడుసార్లు చేసి సగటు తీసినవాళ్ల లెక్కలే చూస్తాను.