గాబా రిసెప్టర్‌ని చదవడం, 3వ పాఠం: కూర్పు చూసి మందు ప్రభావం చెప్పడం

గాబా అంటే మెదడు కణాల జోరు తగ్గించే రసాయనం, అది కూర్చునే ప్రోటీన్ గాబా రిసెప్టర్. అందులో సబ్‌యూనిట్లనే ఐదు ముక్కలుంటాయి, పేరు పక్కన అంకె ఆ ముక్కలో ఏ రకమో చెబుతుంది. పోయిన పాఠంలో రెండు ఆల్ఫా1, రెండు బీటా2, ఒక గామా2 సబ్‌యూనిట్లను గుండ్రంగా కూర్చి గీయమన్నాను. వరస ఇలా రావాలి: గామా, బీటా, ఆల్ఫా, బీటా, ఆల్ఫా, మళ్లీ మొదటి గామా. ఇప్పుడు ఆల్ఫాకీ బీటాకీ మధ్య సందులు లెక్కపెట్టండి. మూడు వచ్చాయా? నాకూ మొదట్లో అలాగే వచ్చి, గాబా మూడు చోట్ల కూర్చుంటుందని నోట్సులో రాసేసుకున్నాను. కూర్చునేది రెండు చోట్లే. ప్రతి సబ్‌యూనిట్‌కీ ముఖం, వీపు ఉన్నాయనుకోండి. బీటా ముఖం ఆల్ఫా వీపుకి ఆనిన సందులోనే గాబాకి చోటు. మూడో సందులో ఈ వరస తిరగబడి ఉంటుంది.

మీ బొమ్మలో ఆల్ఫా ముఖం గామా వీపుకి ఆనే సందు ఒకటే ఉంది. భయం తగ్గించి మత్తు తెచ్చే మందు డయాజెపామ్ చోటు అదే. రిసెప్టర్ మధ్యలో క్లోరైడ్ అయాన్లు వెళ్లే తలుపు తెరిచేది గాబాయే, డయాజెపామ్ దానికి చెయ్యి కలుపుతుందంతే. గాబా లేకుండా అది ఒంటరిగా చేసేదేమీ లేదు.

కాబట్టి ఏదైనా కూర్పు ఇచ్చి డయాజెపామ్ సంగతి అడిగితే ముందు గామా2 ఉందా చూడండి. దాని బదులు డెల్టా ఉంటే ఆ సందే లేదు, అక్కడితో ఆపేయొచ్చు. గామా2 ఉంటే ఆల్ఫా నంబరు చూడండి. 1, 2, 3, 5 అయితే పనిచేస్తుంది. 4, 6 అయితే మామూలు మోతాదులో పనిచేయదు. మొదటి నాలుగింటిలో ఆ సందు దగ్గర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, మిగతా రెండింటిలో ఆర్జినిన్. ఇంత పెద్ద ప్రోటీన్‌లో తేడా తెచ్చేది ఆ ఒక్క అక్షరమే!

నమ్మబుద్ధి కాకపోతే 1999 నాటి ప్రయోగం చూడండి. జూరిక్‌లో ఊవె రూడాల్ఫ్, హన్స్ మోలర్ బృందం చిట్టెలుకల ఆల్ఫా1లో 101వ హిస్టిడిన్‌ని ఆర్జినిన్‌గా మార్చింది. వాటికి డయాజెపామ్ ఇస్తే మత్తు రాలేదు, భయం మాత్రం తగ్గింది. మరుసటి ఏడాది అదే మార్పు ఆల్ఫా2లో చేస్తే కథ తిరగబడింది. మత్తు వచ్చింది గానీ టెన్షన్ తగ్గలేదు. ఒకే మాత్ర చేసే రెండు పనులు రెండు వేర్వేరు ఆల్ఫాల ద్వారా జరుగుతున్నాయన్నమాట. నిద్రమాత్ర జోల్పిడెమ్ ఎక్కువగా ఆల్ఫా1నే పట్టుకుంటుంది, ఆల్ఫా5 జోలికి దాదాపు పోదు.

అన్ని మందులనూ ఈ ప్రశ్నలతోనే కొలవకండి. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే మత్తుమందు ఎటోమిడేట్‌కి కావలసింది బీటా నంబరు. 2, 3 అయితే బలంగా పనిచేస్తుంది, 1 అయితే బాగా తగ్గిపోతుంది. ప్రసవానంతర డిప్రెషన్‌కి 2019లో అమెరికాలో అనుమతి పొందిన బ్రెక్సనొలోన్ న్యూరోస్టిరాయిడ్ (మెదడు మీద పనిచేసే స్టిరాయిడ్), దానికి గామా అక్కర్లేదు. డయాజెపామ్‌కి లొంగని డెల్టా రిసెప్టర్ల మీద కూడా పనిచేస్తుంది.

ఇప్పుడు పుస్తకం మూసి చేయండి. మూడు కూర్పులు: ఆల్ఫా5 బీటా3 గామా2, ఆల్ఫా4 బీటా3 డెల్టా, ఆల్ఫా6 బీటా1 గామా2. ఒక్కోదానికీ డయాజెపామ్, జోల్పిడెమ్, ఎటోమిడేట్ ఏం చేస్తాయో రాయండి. ఒక కూర్పులో మూడు మందులకూ దాదాపు "లేదు" అనే వస్తుంది. అదేదో, ఎందుకో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలు.