గోడ షెల్ఫు వాలినా, వంగినా, ఊడినా: ముందు గోడను చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్ళలో అటకలు ఎప్పుడో నిండిపోయాయి. ఏడాది ఆవకాయ జాడీలు, సారెలో వచ్చిన బుడితి ఇత్తడి బిందెలు, పిల్లల పుస్తకాలు ఇప్పుడు గోడ షెల్ఫుల మీదికి ఎక్కుతున్నాయి. షెల్ఫు వాలితే ముందు వడ్రంగినో, చెక్కనో అంటాం. కానీ బరువు మోసేది గోడ. మన ఊళ్ళలో ఒకే వీధిలో మట్టి అడుసుతో కట్టిన పాత పెంకుటిల్లు, పక్కనే ఎర్ర ఇటుక డాబా, ఆ పక్కన ఫ్లై యాష్ (బొగ్గు బూడిదతో చేసిన) ఇటుకల అపార్ట్‌మెంట్ ఉంటాయి. అన్నిటికీ ఒకే స్క్రూ, ఒకే ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం బెజ్జంలో దించే గొట్టం) పనికిరావు.

స్క్రూ వదులై షెల్ఫు ముందుకు వాలుతోంది

ఎక్కువ మందికి వచ్చే సమస్య ఇదే. షెల్ఫు ఖాళీ చేసి, వదులైన స్క్రూ ఊడదీయండి. ప్లగ్గు కూడా దాంతోపాటే చేతిలోకి వచ్చేస్తే అది ప్లాస్టరింగ్‌ను మాత్రమే పట్టుకుని ఉందన్నమాట. లోపలి గోడలకు ప్లాస్టరింగ్ మందం మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు. దాన్ని దాటి ఇటుకలోకి కనీసం 40 మిల్లీమీటర్లు దిగితేనే పట్టు.

ఇప్పుడు కొత్త బెజ్జం వేస్తూ కింద ఒక తెల్ల కాగితం పట్టండి. మొదట సిమెంటు పొడి రాలుతుంది. తర్వాత ఎర్ర పొడి వస్తే మామూలు ఇటుక. బూడిద రంగు పొడి రాలుతూ డ్రిల్ బిట్టు నిదానంగా, ఒకే తీరున దిగితే ఫ్లై యాష్ ఇటుక. తెల్లగా, మెత్తగా పిండిలా రాలుతూ బిట్టు సులువుగా పోతే తేలిక బ్లాకు (ఏఏసీ అనే, గాలి బుడగలున్న సిమెంటు బ్లాకు). గోధుమ రంగు మట్టి రాలి, బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోతే అది అడుసు కట్టుబడి.

ఎర్ర ఇటుకకైనా ఫ్లై యాష్‌కైనా 8 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, దానికి సరిపడే 60 మిల్లీమీటర్ల స్క్రూ బాగా పనిచేస్తాయి. బెజ్జం ప్లగ్గు కంటే ఒక సెంటీమీటరు లోతుగా వేసి, లోపలి పొడి ఊది తీసేయండి. పొడి ఉండిపోతే ప్లగ్గు పూర్తిగా దిగదు, గట్టిగా బిగుసుకోదు. పొడి కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకోండి. పాత బెజ్జంలో అగ్గిపుల్లలు, కాగితం ముక్కలు కూరి అదే స్క్రూ తిప్పే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. రెండు మూడు అంగుళాలు పక్కకు జరిగి కొత్త బెజ్జం వేయండి, పాతది పుట్టీతో మూసేయండి.

తేలిక బ్లాకు గోడకు డ్రిల్‌లో హ్యామర్ (కొట్టుడు) ఆపేసి, తిప్పుడు మీదే బెజ్జం వేయాలి. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడుగు ప్లగ్గులు వాడాలి. అడుసు గోడకు బరువైన షెల్ఫు వేలాడదీయకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. నేల నుంచి నిలబడే కాళ్ళ స్టాండు చేయించుకుని, అది ముందుకు పడకుండా పైన మాత్రం గోడకు పట్టించండి.

స్క్రూలన్నీ గట్టిగా బిగించినా పై స్క్రూ మళ్ళీమళ్ళీ బయటికి వచ్చేస్తోందా? అయితే బ్రాకెట్ చూడండి. ఎల్ బ్రాకెట్‌కు పొడుగు చెయ్యి గోడకు ఉండాలి, పొట్టిది చెక్క కింద ఉండాలి. 10 అంగుళాల వెడల్పు షెల్ఫు మీద 20 కిలోలు సమంగా పరిచారనుకోండి. గోడకు ఆనే చెయ్యి 5 అంగుళాలే అయితే పై స్క్రూలన్నిటి మీదా కలిపి సుమారు 20 కిలోల లాగుడు పడుతుంది. అదే చెయ్యి 10 అంగుళాలైతే 10 కిలోలే. ఆ బరువంతా ముందు అంచుకు జరిపితే లాగుడు రెట్టింపవుతుంది. అందుకే జాడీలు, బిందెలు గోడవైపు పెట్టి, ముందు వరసలో తేలికవి పెట్టుకోవాలి.

డ్రిల్ ఒక చోట దిగడం లేదు

అది కాంక్రీటు పిల్లరో, కిటికీ పైన లింటెల్లో అయి ఉంటుంది. హ్యామర్ డ్రిల్, కొత్త బిట్టు ఉంటే దిగుతుంది. బిట్టు ఇనుముకు తగిలి టక్కున ఆగితే లోపల ఊచ ఉన్నట్టు. దాన్ని కోయాలని చూడకుండా అంగుళం, రెండంగుళాలు జరగండి.

ఎక్కడికి జరిగినా స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా బెజ్జం వేయొద్దు. గోడ లోపలి వైరు పైపులు ఎక్కువగా ఆ దారిలోనే వెళతాయి. కుళాయి పైనా కిందా కూడా అంతే. అనుమానంగా ఉంటే ఆ గదికి కరెంటు ఆపి, బ్యాటరీ డ్రిల్‌తో పని చేయండి.

చెక్క మధ్యలో వంగిపోయింది

ఇందులో గోడ తప్పేమీ లేదు, బ్రాకెట్ల మధ్య దూరం ఎక్కువైంది. ఆ దూరం సగానికి తగ్గితే, అంతే బరువుకు చెక్క వంగేది దాదాపు ఎనిమిదో వంతే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు రెండడుగులకో బ్రాకెట్ పెట్టించండి. వంగిన చెక్కను తిరగేసి, మధ్యలో ఇంకో బ్రాకెట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. పార్టికల్ బోర్డు అయితే, పైగా అంచులు ఉబ్బి ఉంటే, తీసేయడమే. తడి తగిలే వంటింటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడిగి తీసుకోండి.

బెజ్జం చుట్టూ ప్లాస్టరింగ్ ఉబ్బి రాలుతోంది

వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. తాకితే చల్లగా చెమ్మ, మీద తెల్లటి ఉప్పు కనిపిస్తే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. అవతల బాత్‌రూమ్ ఉందా, పైన స్లాబు కారుతోందా, బయట గోడకు బీటలున్నాయా చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు వచ్చిన ప్రాంతం మనది. ఈదురు గాలికి వాన అడ్డంగా కొట్టి, బీటల్లోంచి లోపలికి దిగుతుంది. ముందు బయటి బీటలు పూడ్చి, గోడ ఆరనివ్వండి. ఆ తర్వాత డొల్ల భాగం ఇటుక కనబడేదాకా కొట్టించి, తాపీ మేస్త్రితో ఒకటికి నాలుగు పాళ్ళ సిమెంటు, ఇసుకతో పూయించి, వారం రోజులు తడపండి. పూర్తిగా ఆరాకే డ్రిల్ పెట్టాలి. చెమ్మ గోడకు షెల్ఫు బిగిస్తే వెనక బూజు పట్టి, సామానూ పాడవుతుంది.

టైల్ పగిలింది

హ్యామర్ ఆన్‌లో ఉండగానే టైల్ మీద డ్రిల్ పెట్టి ఉంటారు. టైల్ అంచుకు అంగుళం దూరంలో టేపు అతికించి, బాణం మొన ఉన్న టైల్ బిట్టుతో మెల్లగా మొదలుపెట్టండి. టైల్ దాటాకే గోడ బిట్టు, హ్యామర్.

బ్రాకెట్లు తుప్పు పట్టి గోడ మీద మరకలు

కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి తీరప్రాంతాల్లో ఉప్పు గాలికి మామూలు ఇనుము ఎక్కువకాలం ఆగదు. పైపైన రంగు వేసినా స్క్రూ తల దగ్గర పూత లేచి, అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రాకెట్లు తీసుకోండి, స్క్రూలు కూడా అదే రకం ఉండాలి. స్టీల్ బ్రాకెట్‌కు మామూలు ఇనుప స్క్రూలు వేస్తే ఆ స్క్రూలు ఇంకా తొందరగా తుప్పు పడతాయి. ఇప్పటికే తుప్పు పట్టిన స్క్రూ తల తిరగకపోతే, తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి తిప్పండి. షెల్ఫు మీద సామాను ఉండగా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.