మార్చి 8న శాలువా కప్పినాక చేయాల్సిన పని

మా తిరుపతిలో మార్చి 8, మహిళా దినోత్సవం వస్తే కాలేజీల్లో, ఆఫీసుల్లో, పొదుపు సంఘాల్లో ముగ్గుల పోటీలు, సన్మానాలు బాగానే జరుగుతాయి, అవి వద్దని నేను అనను. కానీ ఆడవాళ్ల హక్కులు ఎవరు కొట్లాడితే వచ్చినాయో చెప్పుకుని, అందులో ఒక్క హక్కయినా మన వీధిలో ఒక ఆడమనిషికి అందేట్టు చూస్తేనే వాళ్లని గౌరవించినట్టు. అది ఎట్ల చేయాలో చెప్తా.

ముందు ఒక్క మనిషిని ఎంచుకోండి, పది ఫొటోలు పెట్టి పది దండలు వేయొద్దు. మనకైతే మదనపల్లె ఉంది కదా. జనగణమనకి 1919లో అక్కడే బాణీ కట్టినారని అందరం గొప్పగా చెప్పుకుంటాం, కానీ ఆ పనిలో చేయి వేసిన మార్గరెట్ కజిన్స్ అంతకుముందే ఆడవాళ్ల ఓటు కోసం జైలుకి పోయొచ్చిన ఐర్లాండు ఆమె అని ఎంతమంది పిల్లలకి తెలుసు? 1917లో మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఆమె ఒకరు, అదే ఏడాది సరోజినీ నాయుడు ముందు నిలబడి ఆడవాళ్లంతా ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు దగ్గరికి పోయి ఓటు అడిగినారు, 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒప్పుకుంది, అప్పుడు మన చిత్తూరు జిల్లా కూడా అందులోదే. ఆస్తి ఉన్నవాళ్లకే అనుకోండి, అయినా మొదలు అదే. ఈ కథ స్కూల్లో ఐదు నిమిషాలు చెప్పించండి చాలు. ఇంకా చదవాలంటే పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఉమెన్స్ స్టడీస్ డిపార్ట్‌మెంటే ఉంది, పోయి అడగండి.

తర్వాత ఒక హక్కు పట్టుకోండి. నన్నడిగితే ఆస్తి హక్కే పట్టుకోమంటా, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పోయేది అక్కడే. హిందూ కుటుంబాల్లో పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రం 1985 నుంచే చట్టం పెట్టింది, 2005లో దేశమంతా పెళ్లయినవాళ్లకి కూడా వచ్చింది, 2005 నాటికి నాయన బతికి లేకపోయినా కూతురికి వాటా ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంత ఉండి కూడా ఏం జరుగుతుందంటే, పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డని రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకుపోతారు, లేఖరి ముందే టైపు కొట్టించి పెట్టింటాడు, ‘ఇక్కడ పెట్టమ్మా, ఇక్కడ వేలిముద్ర’ అంటాడు, అది తన వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల పత్రమని ఆమెకి ఎవరూ చదివి వినిపించరు. కాబట్టి మీ ఇంట్లో, మీ సంఘంలో ఆడవాళ్లకి ఒక్క మాట గట్టిగా చెప్పండి, కాగితం మొత్తం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు, ‘రేపు పెడతానన్నా’ అని ఇంటికి వచ్చేయమనండి. ఆ లోపల మీభూమి వెబ్‌సైటులో 1బి, అడంగల్ (భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రికార్డులు) చూసి, ఈసీ (ఆస్తి మీద ఏ రిజిస్ట్రేషన్లు జరిగినాయో చెప్పే కాగితం) తీయించి, ఏది పెద్దల ఆస్తి ఏది నాయన సొంతంగా సంపాదించింది అని తెలుసుకోవాలి, ఎందుకంటే సొంత సంపాదన ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇవ్వొచ్చు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు కూడా ఈ చట్టంతో తిరగదోడేదానికి కాదు. అన్నీ తెలిసినాక తమ్ముడికి ఇష్టంగా వదిలేస్తానంటే అది ఆమె ఇష్టం, కాదనేదానికి మనం ఎవరం.

బట్టల షాపుల్లో, లాడ్జీల్లో పనిచేసే ఆడపిల్లలకి ఇంకోటి చెప్పాల. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల కంప్లయింటు తీసుకునే కమిటీ ఉండాల్సిందే, అంతకన్నా తక్కువుంటే జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు, వేధింపు జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి.

ఇంట్లో కొడుతుంటే 181, చిన్నపిల్లకి పెళ్లి చేస్తుంటే 1098, ఈ నంబర్లు సంఘం మీటింగు జరిగే గోడ మీద పెద్దగా రాయించండి. లాయరుకి డబ్బుల్లేవని ఆగిపోవద్దు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకి లాయర్ని ఉచితంగానే ఇస్తారు, 15100కి ఫోన్ చేయొచ్చు, లేదంటే కోర్టులో లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి పోవచ్చు. పోయేటప్పుడు ఆమెని ఒక్కదాన్నే పంపకుండా మీరూ తోడు పోండి, ఆధార్, కాగితాల జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకోండి, ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకున్నాకే బయటికి రండి.