స్టీల్ సింకుకు తుప్పు మచ్చలా? ఇలా చేయండి

స్టెయిన్‌లెస్ స్టీల్‌కి కూడా తుప్పేంటి అని విసుక్కునే ముందు ఒక సంగతి: దాన్ని కాపాడేది పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర, దాని మందం 1 నుంచి 3 నానోమీటర్లే, అంటే మహా అయితే పది పదిహేను వరసల పరమాణువులు. గీత పడితే అడుగున స్టీల్‌లో కలిసి ఉన్న క్రోమియం అనే లోహం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఆ పొర తనంతట తానే పూడుకుంటుంది. ఉప్పునీళ్లు, బ్లీచింగ్ నిల్వ ఉంటే మాత్రం వాటిలోని క్లోరైడ్ పొరకు చిల్లు పొడిచి లోపలి లోహాన్ని తినేస్తుంది.

ముందు ఇనుప పీచు అవతల పారేయండి. దాని రవ్వలు సింకులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి, నింద మాత్రం సింకు మీద! జిడ్డంతా పోయేలా సబ్బుతో కడిగి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అందులో గుడ్డ తడిపి మచ్చ మీద 20 నిమిషాలు పరిచి ఉంచండి. అది పైనున్న ఇనుమును కరిగించి క్రోమియంను వదిలేస్తుంది. దీంతో బ్లీచింగ్ అస్సలు కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. తర్వాత బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వండి. అప్పటికే గుంట పడి ఉంటే మచ్చ పోతుంది కానీ గుంట పూడదు.