దరఖాస్తు పంపే ముందు ఎఫ్12 నొక్కి చూడండి

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఉంటూ రోజూ పదుల సంఖ్యలో రెజ్యూమేలు పంపుతున్న మన తెలుగు పిల్లలకు ఒక చిట్కా చెప్పాలని ఉంది. ఏ కంపెనీకైనా దరఖాస్తు చేసే ముందు ల్యాప్‌టాప్‌లో దాని వెబ్‌సైటు తెరిచి, ఎఫ్12 నొక్కితే డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి; అందులో కోడ్ నడిపే, సందేశాలు చూపే కన్సోల్‌లో కంపెనీ రాసిపెట్టిన సందేశం ఏదైనా ఉందేమో చూడండి; ఆపైన నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్ళి, పేజీని మళ్ళీ లోడ్ చేసి, మొదటి వరుసలోని రెస్పాన్స్ హెడర్లను, అంటే పేజీతో పాటు సర్వర్ పంపే, తెరపై కనిపించని సమాచారాన్ని, ఓపికగా చదవండి. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థ 'ఎక్స్-హ్యాకర్' అనే హెడర్‌లోనే, ఇది చదువుతున్నవారు తమ ఉద్యోగాల పేజీకి రావాలని రాసిపెట్టింది.

కుతూహలం ఉన్నవారికే దొరికేలా కంపెనీలు ఇలా ఉద్యోగ పిలుపులు దాచిపెట్టడం పాత పద్ధతే. 2004లో గూగుల్ సిలికాన్ వ్యాలీలో తన పేరు లేకుండా ఒక హోర్డింగు పెట్టి, గణితంలోని 'ఇ' అనే స్థిరాంకపు (2.718...) అంకెల వరుసలో మొట్టమొదట కనిపించే పది అంకెల ప్రధాన సంఖ్య ఏదని అడిగింది. జవాబు 7427466391, ఆ సంఖ్యే వెబ్‌సైటు చిరునామా, అక్కడికి వెళ్తే మరో లెక్క. తరువాత అదే సంస్థ ఫూబార్ అనే సవాలును, ప్రోగ్రామింగ్ విషయాలు వెతికేవారిలో కొందరికే కనిపించేలా సెర్చ్ పేజీలో దాచింది.

ఆ హోర్డింగు లెక్కను ఈ రాత్రికే పైథాన్‌లో చేసి చూడండి. పైథాన్ దశాంశ సంఖ్యలను దాచే మామూలు రకం, ఫ్లోట్, పదహారు అంకెల దగ్గరే ఆగిపోతుంది, జవాబేమో నూరవ అంకె దాపుల్లో ఉంటుంది కనుక, కావలసినన్ని అంకెల వరకు లెక్కించే డెసిమల్ మాడ్యూల్ ఎందుకు కావాలో చేత్తో చేస్తేనే తెలుస్తుంది.

అయితే కన్సోల్‌లో ఫలానా కోడ్ అతికించమనిగానీ, పరీక్షకు డబ్బు కట్టమనిగానీ ఎవరైనా అడిగితే అది మోసమే. వెంటనే ఆ పేజీని మూసేయండి.